పడవకు భుజం ఆనించి నా పెళ్లిచూపులు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఈ జ్ఞాపకంలో నిక్షేపంలాంటి ఒక పడవ నడిసముద్రంలో కాదు, ఒడ్డున ఇసుకలో కూలబడుతుంది. ఇక ఖాయమే అనుకున్న నా పెళ్లి కూడా దాంతోపాటే ఒరుగుతుంది. తుపాను లేదు, సొరచేప లేదు, ఈదురుగాలి అసలే లేదు. ఆ రోజు సముద్రం ఎంతో మర్యాదగా ప్రవర్తించింది. జరిగిన ఘనకార్యమంతా నాదే.

నేను చేసిన నేరమల్లా కూర్చోమన్న చోట కూర్చోలేకపోవడం. ఇంత చిన్న నేరానికి అంత పెద్ద శిక్ష ఏమిటని మీకు జాలి కలగవచ్చు. దాచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

కుదురు లేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. లిఫ్టు వస్తోందని కళ్లముందు కనిపిస్తున్నా మీట మళ్లీ మళ్లీ నొక్కుతాను. కుక్కరు కూత వేసేలోపు వంటింట్లోకి వెళ్లి, ఇంకా వేయలేదేమని దాన్నే అడుగుతాను. సికింద్రాబాద్ స్టేషన్ ముందు ఎర్రదీపం పడితే ఆగలేక, స్కూటర్ దిగి ఫుట్‌పాత్ మీదుగా తోసుకుంటూ వెళ్లి ట్రాఫిక్ పోలీసు చేతికి చిక్కిన చరిత్ర నాది. మా అమ్మానాన్నలది శ్రీకాకుళం వైపు. నాన్న ఉద్యోగం కోసం ఇటు వచ్చి కాప్రాలో ఇల్లు కట్టుకున్నారు. “ఏట్రా, నీ కాళ్లలో జెర్రులేటైనా ఉన్నాయా? ఒక్క నిమిషం కుదురుగా కూకోలేవా?” అని అమ్మ నాకు రోజూ అక్షింతలు వేసేది. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే. సముద్రంతో నాకున్నది వేసవి సెలవుల పరిచయం, అదీ మోకాళ్ల దాకా.

ఇలాంటి నాకు మౌనిక నచ్చింది. అంతకంటే వింత ఏమిటంటే, నేను మౌనికకు నచ్చాను. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఎదురెదురు బల్లలు. నేను రోజంతా చక్రాలున్న ఆఫీసు కుర్చీలో గిరగిరా తిరుగుతుంటే ఆ అమ్మాయి తలెత్తకుండా పని చేసుకునేది. ఒకరోజు మాత్రం లేచి వచ్చి, ఒక అట్టముక్క మడిచి నా కుర్చీ చక్రం కింద దోపి, మాట్లాడకుండా వెళ్లి కూర్చుంది. నా మీద అంత శ్రద్ధ తీసుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజే పడిపోయాను.

మా ఇంట్లో వెంటనే సరే అన్నారు. అడ్డల్లా మౌనిక వాళ్ల నాన్నగారు, సన్యాసిరావు గారు. ఆయన విశాఖలో ఓడల మరమ్మతు ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత అందరిలా పొద్దున్నే నడకకు వెళ్లకుండా, తెరచాప పడవ ఒకటి కొనుక్కుని సముద్రంలో తిరుగుతున్నారు. ఆయన కళ్లు చూపించుకోవడానికి సికింద్రాబాద్ వచ్చినప్పుడు, మంచి చేసుకుందామని నేనే బన్సీలాల్‌పేట్ మెట్లబావి చూపించడానికి తీసుకెళ్లాను. ఆయనకు నీళ్లంటే ఇష్టం కదా, అక్కడ నీళ్లున్నాయి కదా అని నా లెక్క.

ఆయన మెట్ల మీద నిలబడి చాలాసేపు కిందికి చూశారు.

“బాగుంది. కానీ ఈ నీళ్లు కదలవేటి బాబూ?”

“బావి కదా అంకుల్.”

“అదే మరి. కదలని నీళ్ల పక్కన పెరిగిన కుర్రాడికి పిల్లనివ్వాలంటే నాకు గుబులు.”

ఇక్కడ నోరు మూసుకునే అవకాశం నాకు దేవుడిచ్చాడు. నేను తీసుకోలేదు.

“అయ్యో, నాకు కదిలే నీళ్లే ఇష్టం అంకుల్! నాకు సెయిలింగ్ వచ్చు. మాది శ్రీకాకుళం కదా, సముద్రం మా రక్తంలోనే ఉంది.”

పక్కనున్న మౌనిక నా కాలు తొక్కింది. నేను దాన్ని ప్రోత్సాహం అనుకున్నాను.

“అలాగా? ఎక్కడ నేర్చుకున్నావు?”

“హుస్సేన్ సాగర్‌లో.”

“అది చెరువు కాదేటి?”

“చెరువేనండీ, కానీ బాగా పెద్దది.”

ఆయన నన్ను బావిని చూసినట్టే చాలాసేపు చూశారు. ఆ తర్వాత తీర్పు చెప్పారు. “సరే. వచ్చే శని, ఆదివారాలు విశాఖ వచ్చీ. పడవలో భీమిలి దాకా వెళ్దాం. అక్కడ మా అక్క పైడమ్మ ఉంది, మధ్యాహ్నం భోజనం ఆవిడింట్లో. పడవలో నిన్ను నేను చూస్తాను, భోజనం దగ్గర ఆవిడ చూస్తాది. ఇద్దరం ఊఁ అంటే ముహూర్తాలు పెట్టుకుందాం. ఏ ఒక్కరు ఉహుఁ అన్నా ఏటీ అనుకోకు, వేరే సంబంధం చూసుకో.”

మీకు మాత్రం నిజం చెబుతాను. హుస్సేన్ సాగర్‌లో నేను కొన్ని ఆదివారాలు చిన్న తెరచాప పడవ నడిపిన మాట వాస్తవం. నడిపాను అనడం కంటే, అది వెళ్లిన చోటికి నేనూ వెళ్లాను అనడం న్యాయం. ఒకసారి గుర్రపుడెక్కలోకి దూరిపోతే మోటారు పడవలో వచ్చి లాక్కెళ్లారు. అయితే చెరువులో పెద్ద సుఖం ఉంది. ఎటు కొట్టుకుపోయినా ఏదో ఒక ఒడ్డు తగులుతుంది. ఇంకో సుఖం, నీళ్లు నమ్మకమైనవి. పొద్దున ఎక్కడున్నాయో సాయంత్రం అక్కడే ఉంటాయి. నా చదువంతా ఈ రెండు సుఖాల మీద ఆధారపడి ఉంది.

ధైర్యం కోసం నరేందర్‌ను వెంట రమ్మన్నాను. వాడిది మౌలాలి రైల్వే క్వార్టర్స్, చిన్నప్పటి నుంచి నా తప్పులన్నింటికీ ప్రత్యక్ష సాక్షి.

“నాకు సముద్రం గిట్ల అలవాటు లేదురా బై,” అన్నాడు. “మౌలాలి గుట్ట ఎక్కి కిందికి జూస్తెనే నాకు కండ్లు తిరుగుతయ్.”

“నువ్వేం చేయనక్కర్లేదు, తోడుంటే చాలు.”

“జెర సోంచాయించి చెప్పు. మునిగితె నువ్వు నన్ను లేపుతవా, నేను నిన్ను లేపాల్నా?”

“ఎవరూ మునగరు రా!”

“మొదలు అందరు గట్లనే అంటరు,” అని గొణుక్కుంటూ సంచి సర్దుకున్నాడు. మంచివాడు.

శనివారం తెల్లవారుతుండగా విశాఖలో పడవెక్కాం. సన్యాసిరావు గారు, మౌనిక, నరేందర్, నేను, మొత్తం నలుగురం. పెద్దాయన పడవ ముందు భాగానికి పసుపు, కుంకుమ రాసి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు దణ్ణం పెట్టారు. తెల్లటి తెరచాప పైకి లేచింది. గాలి పట్టగానే పడవ ఒక పక్కకు వాలి చల్లగా సాగింది. ఎడమ వైపు కొండలు, కుడి వైపు అంతులేని నీళ్లు. ఎవరికైనా మనసు కుదుటపడే దృశ్యం.

నాకు మాత్రం కాళ్లు చేతులు పీకడం మొదలైంది. ఎందుకంటే, సెయిలింగ్‌లో చేయడానికి ఏమీ లేదు! గాలి తోస్తుంది, పడవ పోతుంది, మనుషులు కూర్చుంటారు. హుస్సేన్ సాగర్‌లో నేను క్షణానికో తాడు లాగేవాడిని, బహుశా గుర్రపుడెక్కలోకి వెళ్లింది అందుకేనేమో. ఇక్కడ పెద్దాయన చుక్కానికి చెయ్యి ఆనించి, బస్సు కోసం ఎదురుచూస్తున్నంత తీరికగా కూర్చున్నారు. నేను ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. ఒక తాడు బిగించాను. ఇంకో తాడు వదులు చేశాను.

“బాబూ, ఏటి చేస్తున్నావు?”

“సర్దుతున్నాను అంకుల్.”

“అవి సర్దే ఉన్నాయి. నువ్వు ఇటు వచ్చి కూర్చో.”

కూర్చున్నాను. లేచాను. మౌనిక నా చొక్కా కొస పట్టుకుని కిందికి లాగింది. మళ్లీ కూర్చున్నాను.

“గోపీ,” అంది మెల్లగా, “నాన్నకి సముద్రంలో అటూ ఇటూ తిరిగేవాళ్లంటే పడదు. కాసేపు ఓర్చుకో.”

ఈలోపు నరేందర్ రంగు మారింది. ముందు పసుపు, తర్వాత ఆకుపచ్చ. పడవ అంచు పట్టుకుని సముద్రంలోకి వంగాడు.

“అంకుల్,” అన్నాడు కాస్త తేరుకుని, “నిన్న తిన్నది బయటికొచ్చింది. మొన్నటిది సుత వస్తున్నట్టుంది. నన్ను ఏడనన్న భూమ్మీద దించుండ్రి, మీకు పుణ్యముంటది.”

పెద్దాయన మనసు కరిగింది. దారిలో కొండల మధ్య చిన్న ఇసుక ఒడ్డు, దాని వెనక ఒక పల్లె కనిపిస్తే పడవను అటు తిప్పారు. ఒడ్డుకు దూరంగానే, లోతులో, లంగరు వేశారు. పల్లెవాళ్ల తెప్ప ఒకటి దగ్గరికొచ్చింది. నరేందర్‌ను దాని మీద పడుకోబెట్టారు. పల్లెలో పరిచయస్తులున్నారు, కొబ్బరిబొండాలు తెస్తామని చెప్పి పెద్దాయన, మౌనిక కూడా తెప్ప ఎక్కారు. వెళ్లే ముందు ఆయన నా వైపు తిరిగారు.

“నువ్వు పడవలో కూర్చో. నీ పని అంతే.”

“ఇంకేమైనా చేయాలా అంకుల్?”

“ఏటీ చేయకూడదు.”

“ఒకవేళ చేయాల్సి వస్తే?”

“రాదు.”

“అంటే, ఒకవేళ అనుకోకుండా...”

“బాబూ. కూర్చో.”

ఆయన నన్ను పరీక్షిస్తున్నారని చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. నాకూ అర్థమైంది. కానీ పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి రావడం నా స్వభావం కాదు.

తెప్ప ఒడ్డు చేరేదాకా కూర్చున్నాను. వాళ్లు పల్లె వైపు వెళ్లేదాకా కూర్చున్నాను. ఇక్కడికి నా రికార్డు బద్దలైపోయింది. ఆ తర్వాత ఆలోచన మొదలైంది, అసలు ప్రమాదం అదే. తెప్ప ఎక్కేటప్పుడు మౌనిక చుడీదారు తడిసిపోయింది. మళ్లీ వచ్చేటప్పుడూ తడుస్తుంది. ఆ తడిబట్టలతోనే మేనత్త ఇంటికి భోజనానికి వెళ్లాలా? అదే, పడవను నేను ఒడ్డు పక్కకు తెచ్చి పెట్టాననుకోండి, మామగారు తిరిగొచ్చి చూసి, “ఓహో, చెప్పకుండానే చేశాడు, చురుకైన కుర్రాడు” అనుకోరూ?

లంగరు పైకి లాగాను. తెడ్డు వేశాను. పడవ ఒడ్డు వైపు బుద్ధిగా కదిలింది. ఇసుకలో చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్న నరేందర్ తలెత్తాడు.

“ఏందిరా అది? దాన్నెందుకు ముట్టుకుంటున్నవ్?”

“మౌనిక తడవకుండా దగ్గరికి తెస్తున్నా!”

“అంకుల్ కూర్సోమన్నడు గద?”

“కూర్చునే తెస్తున్నా!”

“నాకెందుకో పరేషాన్ అయితుంది రా,” అని వాడు మళ్లీ పడుకున్నాడు.

నడుము లోతు నీళ్లలో, ఒడ్డు నుంచి చాచుకుని వచ్చిన ఒక నల్లటి బండరాయి పక్కన పడవను నిలిపి, మోకుతో ఆ రాయికి బిగించి కట్టాను. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. రాయి మీద నుంచి అటు అడుగు వేస్తే పడవ, ఇటు అడుగు వేస్తే ఒడ్డు. అంత చక్కగా ఏ పనీ నేను అంతవరకూ చేయలేదు. మెచ్చుకోవడానికి ఎవరూ లేకపోవడం ఒక్కటే లోటు. అందుకని దిగి పల్లె వైపు కొంతదూరం వెళ్లాను. వాళ్ల జాడ లేదు. వెనక్కి వచ్చాను. పీతల వెంట పరుగెత్తాను. ఫోన్‌కు సిగ్నల్ దొరుకుతుందేమోనని కొండ ఎక్కాను. దొరికింది, కానీ అమ్మ ఎత్తలేదు. కొండ అవతలి వైపు ఏముందో చూసొచ్చాను. ఏమీ లేదు.

ఇలా తీరికలేకుండా తిరుగుతుండగా నరేందర్ కేక వినిపించింది.

“గోప్యా! జల్ది రా! నీళ్లెటు పోయినయ్ రా?”

పరుగెత్తాను. పడవ అక్కడే ఉంది. రాయి అక్కడే ఉంది. నా ముడులూ చెక్కుచెదరలేదు. సముద్రం మాత్రం సగం ఖాళీ చేసి వెళ్లిపోయింది. నడుము లోతు నీళ్లు పిక్కల లోతు అయ్యాయి, పడవ అడుగున రెక్కలా ఉండే ఇనుపపలక ఇసుకలో కూరుకుపోయింది. చెరువు మనిషిని కదా, ఎవరో తూము తీశారనే నాకు మొదట తట్టింది. నిజంగానే అటూ ఇటూ చూశాను కూడా.

“తొయ్యి రా!” అని అరిచాను. ఇద్దరం తోశాం. నరేందర్ తోసింది తక్కువ, మూలిగింది ఎక్కువ. పడవ కదలలేదు. చూస్తుండగానే పిక్కల లోతు చీలమండల లోతైంది. సరిగ్గా అప్పుడే బొండాల గెల భుజాన వేసుకుని పెద్దాయన, వెనకే మౌనిక కొబ్బరితోటలోంచి బయటికొచ్చారు.

ఆయన బొండాలు కింద పెట్టారు. పడవను చూశారు. నన్ను చూశారు. అరిస్తే బాగుండేది. అరవలేదు.

“లంగరు తీసీసేవేటి?”

“తీసీసేనండీ.” భయంలో నాకు ఆయన యాసే వచ్చేసింది.

“రాయికి కట్టీసేవేటి?”

“కట్టీసేనండీ.”

“పోటు దిగిపోతున్నాది కదా, చూడలేదేటి?”

“పోటు... అంటేనండీ?”

మౌనిక కళ్లు మూసుకుంది.

“రోజూ సముద్రం పొంగుతాది, మళ్లీ వెనక్కి తీస్తాది. అది పోటు. ఇది ఆటు. రక్తంలో ఉందన్నావు కదా?”

“హుస్సేన్ సాగర్‌లో నీళ్లు ఎక్కడికీ పోవండీ,” అన్నాను. అది నా ఆఖరి వాదన. మీరు జడ్జి సీట్లో ఉన్నా కొట్టేసేవారు.

ఆయన ఏదో అనబోయారు. ఇంతలో పడవ కిర్రుమని మూలిగి, రాయి వైపు మెల్లగా ఒరగడం మొదలుపెట్టింది.

“పట్టుకో!” అని అరిచారు. నేను రాయికీ పడవకూ మధ్య దూరి భుజం ఆనించాను. పడవ నా మీద ఆగింది. “వదిలేవంటే రాయి మీద పడి పక్క పగిలిపోతాది. ఇంక దానికి ఆయుష్షు లేనట్టే.”

“ఎంతసేపు పట్టుకోవాలండీ?”

“నీళ్లు తిరిగొచ్చేదాకా.”

“ఎప్పుడొస్తాయండీ?”

“సాయంత్రానికి.”

ఎండ అప్పుడే నడినెత్తికి వస్తోంది. పెద్దాయన, నరేందర్ పడవ వెనక వైపు వెళ్లి కాసేపు ఏదో చూసుకుని వచ్చారు. పడవ పొట్ట అడ్డం ఉండడంతో నాకు అటువైపు ఏమీ కనిపించదు. ఆ తర్వాత ఆయన ఫోన్ పట్టుకుని కొండ ఎక్కారు. అక్కకు చెబుతున్నారు. గాలికి మాటలు తెగి తెగి వినిపించాయి. “...రాలేం అక్కా... లేదు, ఎవరికీ ఏటీ అవలేదు... ఆ కుర్రాడే...”

‘ఆ కుర్రాడే’ అన్న మాట దగ్గర ఇక పెళ్లి లేదనుకున్నాను. మౌనిక దగ్గరికొచ్చి బొండంలో గొట్టం వేసి నా నోటికి పెట్టింది.

“నాన్న ఏమన్నారు?” అని అడిగాను.

“ఏమీ అనలేదు. నాకు అదే భయంగా ఉంది.”

“నువ్వు తడవకూడదనే తెచ్చాను మౌనీ.”

“తడిస్తే ఆరిపోయేదాన్ని కదా గోపీ.”

నాకు నిజంగా ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ముక్కు దురద పెట్టింది, దానికీ లేదు. కాలి వేళ్ల మీద పీత ఒకటి పాకింది. ఊరంతా తిరిగిన ఈ కాళ్లు ఒక్కచోట పాతుకుపోయి, లోపల మాత్రం వెయ్యి మంది గోపీలు అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. ఈ చెయ్యి వదిలితే పడవ పోతుంది, పడవ పోతే ఈ పిల్ల పోతుంది. నాకు ఆ ఒక్క లెక్క తప్ప మరేమీ తోచలేదు.

పెళ్లికొడుకు భోజనానికి రాకపోతే భోజనమే పెళ్లికొడుకు దగ్గరికి వస్తుందని నేను ఊహించలేదు. కాసేపటికి కొబ్బరితోటలో ఆటో ఆగింది. పట్టుచీర కట్టుకుని, చేతినిండా గాజులతో, ఆటో అతనితో క్యారియర్లు మోయిస్తూ పైడమ్మ గారు దిగారు.

“ఒరే సన్యాసీ, పెళ్లికొడుకేడిరా?”

“అదిగో అక్కా, పడవ కింద.”

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డారు. నేను చొక్కా చిరిగి, మోకాళ్ల దాకా బురదలో, దణ్ణం పెట్టడానికి చేతులు లేక తల మాత్రం వంచాను.

“నమస్కారం అత్తా.”

“ఏటి నాయనా, మా తమ్ముడి పడవ మోసుకుపోదామనేటి?”

నరేందర్ పగలబడి నవ్వాడు. అప్పటికే వాడు చేపల వేపుడు ముందు కూర్చుని, ఆకుపచ్చ నుంచి మామూలు రంగులోకి వచ్చేశాడు. పైడమ్మ గారు పళ్లెంలో అన్నం, చేపల పులుసు కలిపి, ముళ్లు తీసి, ముద్ద చేసి నా నోట్లో పెట్టారు. ముద్దకో ప్రశ్న. ఎవరైనా అడ్డదిడ్డం ప్రశ్నలు వేస్తే వరండాలోకి జారుకునే అలవాటు నాకు. ఇక్కడ వరండా ఏది?

“కోపం వస్తే ఏటి చేస్తావు?”

“బయటికి వెళ్లి అటూ ఇటూ తిరుగుతానండీ.”

“పెళ్లాం మీద వచ్చినా?”

“ఇంకా రాలేదండీ.”

“మా సన్యాసి నిన్ను పొద్దున్నించి ఎండలో నిలబెట్టీసేడు కదా, వాడి మీద కోపం రాలేదేటి?”

“నా మీదే వచ్చిందండీ. ఆయన కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.”

“మరి నీ మీద కోపం వస్తే తిరగవేటి?”

“వదిలితే పడిపోతుందండీ.”

“పడితే పడనీ. పడవ వాడిది. నీకేటి నష్టం?”

నోట్లో ముద్ద ఉంది. అయినా చెప్పేశాను. “ఇది పడితే మౌనిక నాకు దక్కదండీ.”

ఆవిడ ప్రశ్న లేకుండా ఇంకో ముద్ద పెట్టారు, ఈసారి కాస్త పెద్దది. మౌనిక మొహం పక్కకు తిప్పుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. వాళ్లు కొబ్బరిచెట్ల నీడలో కబుర్లు చెప్పుకున్నారు, పల్లె నుంచి ఎవరెవరో వచ్చి నన్ను చూసి వెళ్లారు. భుజం మొదట నొప్పి పుట్టింది, తర్వాత తిమ్మిరెక్కింది, ఆ తర్వాత అది నాది కాకుండా పోయింది. ఎండ వాలుతుండగా చల్లటి నీళ్లు పాదాలను తాకాయి. ఆ నీళ్లను చూసి నేను పొందిన ఆనందం మాటల్లో చెప్పలేను. చీలమండలు, పిక్కలు, మోకాళ్లు. పడవ ఒకసారి ఒళ్లు విరుచుకుంది. ఒరిగింది కాస్తా నిలువుగా లేచి, నా భుజం మీద నుంచి తేలికగా జరిగిపోయింది. భుజం దాన్ని వెతుక్కుంటూ వెళ్లింది, వెనకే నేను. బోర్లా నీళ్లలో పడ్డాను.

పైకి లేచేసరికి పైడమ్మ గారు ఒడ్డున నిలబడి తమ్ముడితో అంటున్నారు. “పిల్లనిచ్చీరా. గుంటడు మంచోడు.”

“నేనూ అదే అనుకున్నాను అక్కా,” అన్నారు సన్యాసిరావు గారు. ఆయన మొదటిసారి నవ్వారు.

నాకు నమ్మకం కుదరలేదు. ఉప్పునీళ్లు ఉమ్మేసి గబగబా ఒడ్డుకొచ్చాను. “నిజంగానా మావయ్యగారూ? పడవ కాపాడాననేనా?”

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“నువ్వు కాపాడేవేటి?” అన్నారు మావయ్యగారు మొహమాటంగా. “నువ్వు భుజం పెట్టిన కాసేపటికే వెనక వైపు రెండు దుంగలు కుదురుగా ఊతం పెట్టీసేను కదా బాబూ. నువ్వు వెళ్లి పడుకున్నా పడవ ఇసుమంతైనా కదిలేది కాదు.”

నేను నరేందర్ వైపు తిరిగాను. “నీకు తెలుసా?”

“తెల్వకేంది? దుంగలు మోస్కొచ్చిందే నేను.”

“మరి నాకెందుకు చెప్పలేదురా?”

“నువ్వు పుట్టినకాడికెల్లి ఒక్క జాగల నిలబడంగ నేను జూడలే,” అన్నాడు వేళ్లకంటిన పులుసు నాకుతూ. “మస్తు ముద్దుగనిపించినవ్ రా. పాడు జెయ్య బుద్ధి కాలే.”

మౌనిక వైపు చూశాను. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. తనకూ తెలుసు. వాళ్ల నాన్న నాకు చెప్పొద్దన్నారట, చూద్దాం ఎంతసేపు ఉంటాడో అని. అత్త వేసిన ప్రశ్నలన్నీ దుంగల సంగతి తెలిశాక వేసినవే. సాయంత్రం దాకా నేను మోసింది పడవను కాదు, కేవలం నన్ను నేనే. కోపం తెచ్చుకుని అటూ ఇటూ తిరుగుదామనుకున్నాను గానీ కాళ్లు సహకరించలేదు. పైగా, నిజం చెప్పాలంటే, సంతోషం పట్టలేకపోయాను.

పడవను మళ్లీ లోతులో లంగరు వేయించి, అందరం ఆటోలో భీమిలి చేరాం. నన్ను నరేందర్ ఒళ్లో కూర్చోబెట్టారు. దారి పొడవునా ఒక్కసారి కూడా లేవలేదు.

కనుక పాఠక మహాశయులారా, మీ ఎదుట, గంగమ్మ తల్లి సాక్షిగా, గంభీరంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ పడవనూ ఎవరూ అడగకుండా ఒడ్డుకు తేను. ఏ నీళ్లనూ ఉన్నచోటే ఉంటాయని నమ్మను. దేనికైనా భుజం ఆనించే ముందు వెనక్కి వెళ్లి దుంగలున్నాయేమో చూసుకుంటాను. అన్నిటికన్నా ముఖ్యంగా, పెద్దలు కూర్చోమన్న చోట, వాళ్లు లెమ్మనేదాకా, కదలకుండా కూర్చుంటాను. ఈ నాలుగు ముక్కలూ నిలబడి రాశాను, గది అంతా తిరుగుతూ రాశాను. కూర్చోవడం రేపటి నుంచి.